అమ్మతో ఎడారి రాత్రి

బయలుదేరిన రోజు

దీపావళి వెళ్లిన మర్నాడు సాయంత్రం, రాజస్థాన్ ఎడారి చూద్దామని హన్మకొండలో బస్సెక్కాం. నేను, అమ్మ, చిన్నమ్మ, చిన్నమ్మ కొడుకు, నలుగురం. మాకు నోములు లేవు కాబట్టి పండుగ ఒక్క రోజుతో అయిపోయింది. నోములున్న ఇల్లయితే ఆ వారంలో అమ్మను గడప దాటించడం నా వల్ల అయ్యేది కాదు. అమ్మకున్న అడ్డం వేరే. పరకాల దగ్గర మా ఊళ్లో పత్తి మొదటి ఏరుడుకొచ్చింది. "చేను తెల్లగ విచ్చుకోని ఉంటే నన్ను ఇసుక చూడ తీస్కపోతవా బిడ్డా? మన వాగుల లేదా ఇసుక?" అని పది రోజులు అడిగింది. చేను నేను చూసుకుంట అని తమ్ముడు మాటిచ్చాక గానీ ఊ అనలేదు.

ఈ తేదీల కోసం పట్టుబట్టింది నేనే. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. పాలపుంత బొమ్మ ఏటా బోర్డు మీద గీస్తాను. "మీరు చూసిండ్రా టీచర్?" అని పిల్లలడిగితే, చిన్నప్పుడు వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు చూశానని చెప్తాను. అది నిజమే, కానీ ముప్పై ఏళ్ల కిందటి నిజం. ఇప్పుడు హన్మకొండలో డాబా ఎక్కితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చుక్కలే. ఊళ్లో కూడా గుడి ముందు, వాటర్ ట్యాంకు మీద, ప్రతి స్తంభానికీ తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి. చీకటి కావాలంటే దూరం పోవాల్సి వస్తోంది. అందుకే అమావాస్య దాటిన నాలుగో రాత్రిని ఎంచుకున్నాను. నెలవంక తొందరగా దిగిపోతుంది, ఆ తర్వాత తెల్లారేదాకా ఆకాశం చుక్కలదే. పున్నమికి పోతే ఇసుక వెండిలా ఉంటుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఉంటుంది. చుక్కలు మాత్రం ఆ వెన్నెల్లో మునిగిపోతాయి.

అమ్మ సంచిలో సర్వపిండి, పల్లీల పొడి, ఒక నల్ల గొంగడి ఉన్నాయి. గొంగడి తాతది. తాత గొర్లు కాసేవాడు, అమ్మ పెళ్లయ్యేదాకా ఆ మంద వెంట తిరిగింది. నా పర్సులో దసరా నాటి జమ్మి ఆకులు నాలుగు ఎండిపోయి ఉన్నాయి. పండుగ సాయంత్రం "బంగారం" అని అమ్మ చేతిలో పెట్టినవి, అమ్మ తిరిగి నా చేతిలో పెట్టినవి. ఏడాది పొడుగునా పర్సులో ఉంచుకోవడం మా ఇంట్లో అలవాటు.

రెండో రోజు

రోజంతా రైలు. కాచిగూడలో ఎక్కింది మొదలు జోధ్‌పూర్ దాకా రెండు రాత్రులు అందులోనే. నల్లరేగడి చేలు, పత్తి, కందులు దాటుతున్నంతసేపు అమ్మ కిటికీ వదల్లేదు. ఏ చేనులో పురుగు పడిందో, ఎక్కడ నీళ్లు ఎక్కువైనాయో చెప్తూనే ఉంది. చెప్పుకోవాల్సినంత ఇంకేం జరగలేదు.

మూడో రోజు

జోధ్‌పూర్‌లో దిగి, జైసల్మేర్‌కు కారు మాట్లాడుకున్నాం. రెండు వందల ఎనభై కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటికి పొలాల మధ్య ఒక్కొక్కటిగా చెట్లు మొదలయ్యాయి. సజ్జ కోసేసిన మడుల్లో, గట్ల మీద కాదు, సరిగ్గా మడి నడిమధ్యనే నిలబడి ఉన్నాయి. నాగలి వాటిని తప్పించుకుని తిరిగిన చాళ్లు కనిపిస్తున్నాయి. డ్రైవరు "ఖేజ్డీ" అన్నాడు. నాకు తెలుసు, చదివి వచ్చాను. అమ్మకు మాత్రం చెప్పకుండా కారాపించాను.

అమ్మ దిగి చెట్టు కిందికి పోయింది. కొమ్మ వంచి, చిన్న చిన్న ఆకుల రెమ్మను వేళ్ల మధ్య పెట్టి చూసింది, ముల్లు తాకి చూసింది, ఆకు నలిపి వాసన చూసింది. "గిది జమ్మి గదనే!" అంది. అప్పుడు చూడాలి ఆమె ముఖం. కాకతీయుల గడ్డ నుంచి ఇంత దూరం వచ్చి ఇంటి మనిషిని చూసినట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే. మనం ఏడాదికొకసారి ప్రదక్షిణ చేసి, "శమీ శమయతే పాపం" అని రాసిన చీటీలు కొమ్మలకు తగిలించి వచ్చే చెట్టు ఇక్కడ రోజువారీ బతుకు. దాని వేళ్లు పదుల మీటర్ల లోతుకు పోతాయి. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది, దాని కింద సజ్జ బాగా పండుతుంది. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. 1899లో వచ్చిన కరువును ఇక్కడివాళ్లు ఛప్పనియా అంటారు, వాళ్ల విక్రమ సంవత్సరం లెక్కలో అది 1956. అప్పుడు ఈ చెట్టు బెరడు దంచి పిండి చేసుకుని తిన్నారు.

జోధ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఖేజర్లీ అనే ఊరుంది. 1730లో రాజుగారి కొత్త కట్టడానికి సున్నం కాల్చాలని ఈ చెట్లు నరకడానికి మనుషులు వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టును వాటేసుకుని ప్రాణం ఇచ్చింది. ఆమెతో కలిపి మొత్తం 363 మంది. మా దారి అటు కాకపోవడంతో పోలేకపోయాం. ఆ కథ కారులో చెప్తుంటే చిన్నమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

పోఖ్రణ్ మీదుగా పోయాం. 1974లో, మళ్లీ 1998లో అణుపరీక్షలు జరిగిన ప్రాంతమని చిన్నమ్మ కొడుకు మా అమ్మకు వివరించాడు. పొద్దు గుంకే వేళకు జైసల్మేర్ దాటి, నలభై కిలోమీటర్ల అవతల సమ్ ఇసుక దిబ్బల దగ్గరి గుడారాలకు చేరాం.

ఆ రాత్రి గురించి బాధతోనే రాస్తున్నాను. మేం ముందే డబ్బు కట్టిన చోట "ఎడారి రాత్రి అనుభవం" అని ఉంది. అక్కడ ఉన్నది గుండ్రంగా వేసిన గుడారాలు, మధ్యలో వేదిక, నాలుగు పక్కలా ఫ్లడ్‌లైట్లు, పదకొండు దాటేదాకా డీజే. దిబ్బ మీద జీపులు కేకలు పెట్టుకుంటూ ఎక్కి దిగుతున్నాయి. మాంగణియార్ గాయకులు ఇద్దరు వచ్చి కమాయిచా అనే తంతి వాద్యం వాయిస్తూ పాడారు. ఎంత గొంతు వాళ్లది! పావుగంట కాగానే వాళ్లను దింపేసి మళ్లీ స్పీకర్లు పెట్టారు. తల పైకెత్తితే తెల్లటి పొగమంచులాంటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఇంత దూరం వచ్చిందీ పెళ్లి బరాతు వినడానికా అనిపించి నాకు కన్నీళ్లాగలేదు. అమ్మ గొంగడి కప్పుకుని పక్కన కూచుని, "పొద్దుగాల ఇంకో తావు చూద్దాం తియ్యి" అంది.

నాలుగో రోజు

పొద్దున జైసల్మేర్ కోట చూశాం. పసుపు ఇసుకరాయి, ఎండ పడితే నిజంగానే బంగారం రంగు. కోటలో ఇప్పటికీ మనుషులు కాపురాలుంటారు, బట్టలు ఆరేసుకుంటారు, పిండి మరలున్నాయి. జైసల్ రావల్ దీన్ని 1156లో మొదలుపెట్టాడు. మన వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. ఏడేళ్ల తేడాతో ఇక్కడ ఒకరు ఇసుకరాయి, అక్కడ రుద్రదేవుడి శిల్పులు నల్లరాయి చెక్కుతున్నారు. అటునుంచి పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఆకల్ శిలాజవనంలో రాయిగా మారిపోయిన చెట్ల మొద్దులు చూశాం, వయసు పద్దెనిమిది కోట్ల ఏళ్లు. ఒకప్పుడు ఇక్కడ దట్టమైన అడవి, వాన. ఇంచుమించు ఆ జురాసిక్ కాలంలోనే మన గోదావరి తీరాన, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ డైనోసార్ తిరిగింది. దాని ఎముకల గూడును పిల్లలతో కలిసి హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో చూశాను.

ఇక మధ్యాహ్నం నుంచి అసలు సంగతి.

కోట కింద టీ కొట్టాయన చెప్పిన మాట పట్టుకుని ఖూరీ వైపు ఒక చిన్న పల్లెకు పోయాం. పదీ పన్నెండు మట్టి ఇళ్లు. వాళ్ల భాషలో ధాణీ. అరవై దాటిన ఒక పెద్దాయన రాత్రిపూట మనుషులను దిబ్బల్లోకి నడిపించి తీసుకెళ్తాడు. జీపు లేదు, ఒంటె కూడా లేదు, నడకే. ఆరుగురికి మించి తీసుకోడు. వయసులో ఉండగా గొర్రెలు, ఒంటెలు మేపాడట. హిందీ ఆయనకు కొంచెం, నాకు కొంచెం. అమ్మకు అసలే రాదు.

పొద్దుగుంకక ముందే అన్నం పెట్టారు. ఇంటి ముందు ఎర్రమట్టి, పేడ కలిపి అలికి, అంచున సుద్ద గీతలు. అమ్మ వంగి చేత్తో నిమిరి చూసి "మంచిగ అలికిండ్రు" అంది. సజ్జ రొట్టెలు, నెయ్యి, మజ్జిగ, ఎండు కాయల కూర. చిక్కుడు తీగల్లా సన్నగా, నల్లగా, కొంచెం వగరు, కొంచెం పులుపు. సాంగ్రీ అన్నారు. జమ్మి కాయ అని నేను చెప్పగానే అమ్మ చేయి ఆగిపోయింది. "దేవుని చెట్టు కాయ తింటరా?" అంది. నేను హిందీలో చెప్తే ఆయన నవ్వలేదు, తప్పు పట్టలేదు. మాకూ దేవుడే అన్నాడు. దేవుడు కాకపోతే వానలు లేని ఏడు మాకు అన్నం ఎవరు పెడతారు, అన్నాడు. ఇక్కడ ఏడాదికి పడేది రెండు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మనకు వెయ్యి వరకు పడుతుంది, అయినా ఒక్క వారం వెనకాడితే గుండెలు బాదుకుంటాం. అమ్మ ఆ మాట తెలుగులో విని, ముద్ద కళ్లకద్దుకుని తిన్నది. రెండోసారి కూడా పెట్టించుకుంది.

నెలవంక ఎనిమిది దాటాక దిబ్బ వెనక్కి జారింది. అప్పుడు బయలుదేరాం.

ఆయన పెట్టిన షరతులు కొన్నే. కాళ్లు పూర్తిగా మూసే బూట్లు ఉండాలి. అమ్మకు, చిన్నమ్మకు ఇంట్లోవి ఇచ్చారు. ఫోన్లు సంచిలో. ఆయన అడుగులో అడుగేస్తూ వరసగా నడవాలి. ఆయన చేతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఒక్కటే వెలుగు. ఎరుపెందుకో నాకు తెలుసు, క్లాసులో చెప్పే పాఠమే. మసక వెలుతురులో చూసే కంటి కణాలకు ఎరుపు దాదాపు అందదు, కాబట్టి చీకటికి అలవాటు పడ్డ చూపు చెడదు. ఆ అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ మొదటికొస్తుంది. చిన్నమ్మ మొదటి పది నిమిషాలు నా భుజం వదల్లేదు, "ఏం కనవడ్తలేదే, ఎటు వోతున్నం" అంటూనే ఉంది. తర్వాత తనంతట తనే చేయి తీసేసింది. ఇసుక బూడిద రంగులో తేలి వచ్చింది. ముందు నడిచే మనిషి ఆకారం, తుప్పల నల్లటి గుంపులు, దిబ్బ అంచు గీత, అన్నీ చుక్కల వెలుగులోనే.

దిబ్బకు రెండు ముఖాలు. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది, ఇసుక గట్టిపడి అడుగు నిలుస్తుంది. అవతలి వైపు నిటారు, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర. ఎండిన ఇసుక అంతకంటే నిటారుగా నిలవలేదు, జారిపోతుంది. కుప్ప పోసిన వడ్లు కూడా ఒక వాలుకు వచ్చి ఆగుతాయి కదా, అదే లెక్క. ఆయన మమ్మల్ని గట్టి వైపు నుంచే ఎక్కించాడు.

సగం ఎక్కాక ఆగి, వంగి, టార్చిని నేలకు దాదాపు ఆనించి అడ్డంగా పట్టాడు. ఇది నేను జీవితంలో మరిచిపోను. పైనుంచి చూస్తే ఖాళీ ఇసుక. వెలుగు అడ్డంగా పడగానే ప్రతి గుంటలో నీడ నిండి నేలంతా రాతలే. కుట్టు మిషను మీద కుట్టినట్టు రెండు వరసల సన్న చుక్కలు, మధ్యలో గీత: పేడపురుగు జాతి నల్ల పురుగు నడిచిన దారి. జతలు జతలుగా గెంతిన చిట్టి పాదాలు: ఎడారి ఎలుక. తుప్ప మొదట్లో దాని కన్నం, బయట కొత్తగా తవ్విపోసిన తడి ఇసుక. ఈ ఎలుకలు నీళ్ల కోసం వెతకవు, తినే గింజల నుంచే ఒంటికి కావాల్సిన తడి సంపాదించుకుంటాయి. ఆ పాదాల పక్కనే తిన్నగా, తాడు గుంజి కొట్టినట్టు ఒకే వరసలో కుక్క అడుగుల్లాంటివి: నక్క. ఎలుక అడుగులు ఒకచోట ఆగిపోయాయి. నక్క అడుగులు ఆగలేదు.

ఇంకాస్త పైన మేకల మంద దాటిన జాడ ఉంది. పెద్దాయన దాన్ని దాటబోతుంటే అమ్మ ఆగింది. టార్చి ఇటు పట్టమని చేత్తో సైగ చేసింది. గొంగడి సర్దుకుని గొంతుకూచుంది. "ఇగో చూడు, గీ మేక ముందటి కుడికాలు గుంజుతాంది. గిట్ట కొన గీసుకుంట పోయింది. ముల్లు దిగి ఉంటది," అంది. నేను చెప్పేలోపే ఆయనకు అర్థమైంది. ఆయనా కూచున్నాడు. ఇద్దరూ ఆ గీత వెంట రెండు మూడు గజాలు పోయారు, ఈమె తెలుగులో, ఆయన మార్వాడీలో. ఆ మేక తనదేనని, పొద్దున్నే కాలు చూశానని చెప్పాడు. అక్కడి నుంచి ఆయన ఏ జాడ కనిపించినా ముందు అమ్మకే చూపించాడు. అమ్మ గొంగడిని వేళ్లతో నలిపి చూసి, ఊన్, ఊన్ అని తల ఊపాడు. ఉన్ని అని అమ్మకు తెలిసిపోయింది.

దిబ్బ దిగే చోట ఆయన గభాల్న చేయి అడ్డం పెట్టాడు. ఇసుక మీద ఏటవాలు గీతలు, ఒకదానికొకటి అంటకుండా, మెట్లలాగా. ప్రతి గీత చివర కొంకి. ఆయన బాండీ అన్నాడు. పొలుసులు ఒకదానికొకటి రాసి రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పాము. మన నాగుపాము, కట్లపాము, రక్తపింజరితో కలిపి దేశంలో ఎక్కువమందిని చంపే నాలుగింటిలో అదొకటి. జారే ఇసుకలో నేరుగా పాకలేక ఒళ్లు పక్కకు ఎత్తి వేసుకుంటూ పోతుంది, అందుకే ఆ విడివిడి గీతలు. జాడ ఒక తుప్పలోకి పోయింది, బయటికి రాలేదు. మేం పామును చూడలేదు. చూడాలని ఆయన కర్ర పెట్టి కెలకలేదు, మమ్మల్ని ఇరవై అడుగులు చుట్టు తిప్పి తీసుకుపోయాడు. మంచి గైడు అంటే ఏంటో నాకు అక్కడ తెలిసింది.

తర్వాత ఊదారంగు వెలుగు ఇచ్చే ఇంకో టార్చి తీశాడు. దాన్ని ఒక తుప్ప చుట్టూ తిప్పగానే అరచేతిలో సగం ఉండే తేలు ఒకటి ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో వెలిగింది. మామూలు టార్చి వేస్తే ఇసుక రంగే, కనిపించదు. తేలు పైపెంకులో ఉన్న కొన్ని పదార్థాలు అతినీలలోహిత కాంతిని తీసుకుని ఇలా వెలుగుగా విడుస్తాయి. అప్పుడే కుబుసం విడిచిన తేలు వెలగదు, పెంకు గట్టిపడ్డాకే. నేను చెప్పి చెప్పి పిల్లలకు బొమ్మల్లో చూపించిన సంగతి అది. ఆ తేలు తోక ఎత్తి, కదలకుండా, చిన్న దీపంలా నిలబడింది. చిన్నమ్మ నా వెనక నుంచి తొంగి చూసి "కార్తీక దీపం లెక్కనే ఉందే" అంది.

రాత్రి తొమ్మిదింటికి ఒక దిబ్బ నెత్తిన కూచున్నాం. ఉన్న ఎర్ర టార్చి కూడా ఆర్పేశాడు. మాట్లాడొద్దన్నాడు.

పాలపుంత నైరుతి దిగంతం నుంచి లేచి నడినెత్తి మీదుగా ఈశాన్యం దాకా వంపు తిరిగి ఉంది. మబ్బు అనుకుని చిన్నమ్మ కొడుకు "రేపు వాన పడ్తదా అక్కా?" అని గుసగుసలాడాడు. వాడికి ఇరవై మూడేళ్లు. పుట్టి బుద్ధెరిగి వాడు పాలపుంత చూడలేదు. మధ్యలో నల్లటి చీలిక, పక్కన పడమరకు వాలుతున్న శ్రవణం, అభిజిత్తు. తూర్పున జానెడు ఎత్తులో కృత్తికలు. "పిల్లలకోడి" అని అమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఏడు పిల్లలా ఆరా అని ఆమె లెక్కపెట్టడం ఆ నిశ్శబ్దంలో నాకు వినిపించింది. కార్తీక మాసానికి ఆ పేరు పెట్టింది ఆ గుంపు వల్లే. పున్నమినాడు చందమామ దాని దగ్గరికే పోతుంది.

ఇసుక పైన చల్లబడింది. గాలిలో తడి లేదు, మబ్బు లేదు, పగలు తీసుకున్న వేడంతా ఆకాశానికి ఇచ్చేస్తుంది. కానీ మోచేతి దాకా చేయి దూరిస్తే అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది. అమ్మ పాదాలు రెండూ ఇసుకలో పూడ్చుకుని, గొంగడి భుజాల మీదికి లాక్కుని, ఏమీ మాట్లాడకుండా పైకి చూస్తూ కూచుంది. మోకాళ్ల నొప్పులకు ఉప్పు కాపడం పెట్టుకునే మనిషి. "ఇడిసిపెట్టి రాబుద్ధైతలేదు" అని తర్వాత అంది.

దూరంగా ఉత్తరాన ఒక వరస ఎర్ర లైట్లు అన్నీ కలిసి ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. గాలిమరలు. లేచాక ఆయన వాటివైపు చూపించి బట్టమేక పిట్ట గురించి చెప్పాడు. అక్కడ గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. ఎగిరే పిట్టల్లో బాగా బరువైనది, ముందుకు సరిగా చూడలేని కళ్లు, గాలిమరల నుంచి పోయే కరెంటు తీగలకు కొట్టుకుని చస్తున్నాయి. దేశం మొత్తంలో మిగిలినవి నూటయాభై లోపే, చాలామటుకు ఈ జిల్లాలోనే. మన తెలుగు నేలలో కర్నూలు దగ్గర రోళ్లపాడు వాటి కోసమే అభయారణ్యమైంది. ఇప్పుడక్కడ ఆ పిట్ట జాడ కరువైపోయింది. తీగలు భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి సంగతిని నిపుణుల కమిటీకి అప్పగించింది. ఆ పని నడుస్తూనే ఉంది, వాదోపవాదాలూ నడుస్తూనే ఉన్నాయి. కరెంటు మనకూ కావాలి. కానీ అక్కడ నిలబడి ఆ పెద్దాయన గొంతు వింటే తీగ కిందికి పోవాలని తప్ప ఇంకోలా అనలేం.

తిరిగి వచ్చే దారిలో ఓరణ్ మీదుగా నడిపించాడు. ఊరి దేవత పేర వదిలిన అడవి. గొడ్డలి పెట్టరు, పశువులు మేస్తాయి, రాలిన పుల్ల మాత్రం ఏరుకోవచ్చు. నడుమ ఒక ముసలి జమ్మి, ఇద్దరం చేతులు చాస్తే అందనంత మాను. కింద రాతి గద్దె, గంట. అమ్మ బూట్లు విడవబోతే పెద్దాయన వద్దని ఆపాడు, ముళ్లు. అమ్మ నా వైపు తిరిగి, "పర్సుల ఆకు ఉన్నదిగదా, పెద్దాయన చేతుల పెట్టు" అంది.

చీకట్లో వెతికి తీశాను. ఎండి, పొడి పొడిగా, రెండే మిగిలాయి. దసరానాడు పెద్దవాళ్లకిచ్చినట్టే రెండు చేతులతో ఆయన అరచేతిలో పెట్టి "బంగారం" అన్నాను, హిందీలో సోనా అని కూడా అన్నాను, మా ఊరి జమ్మి అని చెప్పాను. ఆయన ఆకును నుదుటికి ఆనించుకుని, తలపాగా మడతలో దోపుకున్నాడు. తర్వాత పక్క కొమ్మ నుంచి ఒక రెమ్మ తుంచి అమ్మ చేతిలో పెట్టాడు.

ఐదో రోజు

వాళ్ల వాకిట్లోనే నులక మంచాల మీద పడుకున్నాం. నాలుగున్నరకు లేపమని చెప్పి ఉంచాను. ఆ వేళకు ఆకాశం మారిపోయింది. గొల్లకావడి మూడు చుక్కలు నడినెత్తి దాటాయి. ఈశాన్యంలో మా నాయినమ్మ చెప్పే ముసలమ్మ మంచం, అంటే సప్తర్షులు, నిటారుగా లేస్తున్నాయి.

అమ్మను దక్షిణం వైపు తిప్పి అగస్త్యుణ్ణి చూపించాను. చేయి చాచి పిడికిలి పట్టి నేల గీత మీద ఆనిస్తే, సరిగ్గా పిడికిలి మీద కూచున్నట్టు ఉంది ఆ చుక్క. చాచిన చేతి పిడికిలి వెడల్పు పది డిగ్రీలని లెక్క. మళ్లీ ఉత్తరం తిరిగి ధ్రువుణ్ణి కొలిచాం: దాదాపు మూడు పిడికిళ్లు. "మనూర్ల గింత మీదికి ఉండడు" అంది అమ్మ. ఉండడు. జైసల్మేర్ భూమధ్యరేఖకు ఇరవై ఏడు డిగ్రీల ఉత్తరాన ఉంది, వరంగల్ పద్దెనిమిది. ధ్రువుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే మనం అన్ని డిగ్రీల అక్షాంశం మీద ఉన్నట్టు. మనం ఉత్తరానికి నడిచినకొద్దీ ధ్రువుడు లేస్తాడు, అగస్త్యుడు దిగుతాడు. రైల్లో రెండు రాత్రులు పోయిన దూరాన్ని అమ్మ ఆ రెండు చుక్కల మీద పిడికిలి పెట్టి కొలిచింది.

తెల్లారాక తిరుగు ప్రయాణంలో కుల్‌ధరా దగ్గర ఆగాం. పాలీవాల్ బ్రాహ్మణులు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వదిలిపోయిన ఊరు. అందరూ దయ్యాల కథలు చెప్తారు, నాకు వాటి మీద ఆసక్తి లేదు. చూడాల్సింది ఆ చుట్టుపక్కల పాలీవాల్‌లు నేర్పిన ఖడీన్. రాతి గుట్టల వాలు నుంచి వచ్చే వాననీటిని కింద పొడుగాటి మట్టికట్టతో ఆపుతారు. నీళ్లు నిలిచి నేలలోకి ఇంకుతాయి, మిగిలినవి తూముతో పోతాయి. చలికాలం మొదలవగానే ఆ తడి నేలలో శనగ, గోధుమ విత్తుతారు. పదిహేనో శతాబ్దం నుంచి నడుస్తున్న పద్ధతి. రెండు వందల మిల్లీమీటర్ల వానలో గోధుమ!

అమ్మ కట్ట మీద నిలబడి, చెప్పు కాలితో మట్టి కెలికి, చేతిలోకి తీసుకుని ముద్ద చేసి చూసింది. ముద్ద నిలిచింది. "గిది మన శికం సాగే. చెరువు తగ్గంగనే శనుగలు చల్లుతం గదా, గంతే," అంది. పాకాల, రామప్ప, లక్నవరం కట్టినవాళ్లు, ఈ కట్ట పోసినవాళ్లు ఒకరినొకరు ఎరగరు. వాన నీటి మీద ఇద్దరి చూపూ ఒకటే. ఆ మట్టి కొంచెం కొంగున కట్టుకుంది అమ్మ.

ఆ సాయంత్రం జోధ్‌పూర్‌లో రైలెక్కాం.

ఇంటికొచ్చాక

వచ్చిన మర్నాడే అమ్మ పరకాల వెళ్లిపోయింది, పత్తి కోసం. ఆదివారం నేనూ పోయాను. రాత్రి డాబా మీద పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మే లేపింది. ముందు రోజు పొద్దుండగానే సర్పంచు ఇంటికి పోయి, మా వాడ చివరి రెండు స్తంభాల లైట్లు రాత్రి పదకొండు తర్వాత ఆర్పమని అడిగి వచ్చిందట. ఒకటి ఆర్పారు, ఒకటి వెలుగుతోంది. ఆర్పిన వైపు దక్షిణం.

పిడికిలి మీద పిడికిలి పెట్టి అగస్త్యుణ్ణి కొలిచింది. రెండు. వెనక్కి తిరిగి ధ్రువుణ్ణి కొలిచింది. అతనూ రెండే. "ఇగ మనింట్ల ఇద్దరూ సమానమే" అని, పత్తి సంచి తీసుకుని మెట్లు దిగింది.